పాత ఫోర్ బై ఫోర్ కొంటున్నారా? ఏ లోపానికి భయపడాలి, ఏది బేరంలో తేల్చుకోవాలి

పదిహేను, ఇరవై ఏళ్లు నడిచిన ఫోర్ బై ఫోర్‌ని, అంటే నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే ఆఫ్‌రోడ్ ఎస్‌యూవీని చూడబోతూ "బండి నమ్మకమైనదేనా?" అని అడిగితే పనికొచ్చే జవాబు దొరకదు. ఆ వయసులో లోపం లేని బండి ఉండదు. అడగాల్సినవి వేరే ఉన్నాయి. దీంట్లో పోయేది ఏది? ఎప్పుడు పోతుంది? పోతే తనొక్కటే పోతుందా, పక్కవాటిని కూడా లాక్కుపోతుందా? షాక్ అబ్జార్బర్ పోతే షాక్ అబ్జార్బరే పోతుంది. చిన్న కూలెంట్ గొట్టం పగిలితే మాత్రం గొట్టంతో పాటు సిలిండర్ హెడ్ కూడా పోవచ్చు.

అందుకే కనిపించిన ప్రతి లోపాన్నీ మూడింట్లో ఒక దాని కింద రాసుకోండి. చూడగానే వెనక్కి తిరగాల్సినవి కొన్ని. ఖర్చు ఎంతో ముందే తెలుసుకుని ధరలో తగ్గించుకోవాల్సినవి కొన్ని. ఇక డోర్ రబ్బరు ఈల వేయడం, డ్యాష్‌బోర్డు కిటకిటలాడటం లాంటివి మూడో రకం, వాటి గురించి నోరెత్తకండి. కొత్తగా కొనేవాళ్లు సాధారణంగా మూడో రకం మీదే గంటసేపు బేరమాడి, మొదటి రకాన్ని చూడనే చూడరు.

1. మోడల్ పేరు కాదు, ఇంజిన్ పేరు తెలుసుకోండి

ఒకే బాడీ కింద వేర్వేరు ఇంజిన్లు, గేర్‌బాక్సులు వస్తాయి. వాటి జాతకాలు పూర్తిగా వేరు. నిస్సాన్ పాట్రోల్ (ఇది మోడల్ పేరు, ఇంధనం కాదు) వై61నే తీసుకోండి. అందులో 4.2 లీటర్ల ఆరు సిలిండర్ల టీడీ42 డీజిల్ మొద్దుబారి నడుస్తుంది గానీ చాలాకాలం నడుస్తుంది. అదే బాడీలో వచ్చిన 3.0 లీటర్ల జెడ్‌డీ30 టర్బో డీజిల్‌లో, ముఖ్యంగా తొలి ఏళ్ల బండ్లలో, పిస్టన్లు కరిగి పగలడం అందరికీ తెలిసిన జబ్బు. "పాట్రోల్ అంటే ఉక్కు" అన్న మాట విని జెడ్‌డీ30 కొంటే ఆ మాట మీకు వర్తించదు. బూస్ట్ (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి) చూపే గేజ్, ఎగ్జాస్ట్ వేడి చూపే గేజ్ బిగించి, బూస్టును అదుపులో పెట్టుకున్న ఓనరు దగ్గర కొనడం వేరు, అవేంటో తెలియని ఓనరు దగ్గర కొనడం వేరు.

ల్యాండ్ రోవర్ డిస్కవరీ 2 (1998–2004) కూడా అంతే. టీడీ5 డీజిల్‌లో ఇంజెక్టర్ల వైరింగ్ వెంట ఇంజిన్ ఆయిల్ పాకి ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) ఎర్ర ప్లగ్ దాకా చేరుతుంది, ఇంజిన్ మిస్ కొడుతుంది. వినడానికి భయంగా ఉంటుంది కానీ ఆ వైరింగ్ ముక్క మార్చి, ప్లగ్ శుభ్రం చేస్తే సరిపోతుంది. రెండో రకం లోపం. అదే బాడీలో వచ్చిన వీ8 (ఎనిమిది సిలిండర్ల) పెట్రోల్‌లో హెడ్ గాస్కెట్లు (సిలిండర్ హెడ్‌కీ ఇంజిన్ బ్లాక్‌కీ మధ్య ఉండే సీళ్లు) పోవడం, బ్లాక్‌లో లైనర్లు (సిలిండర్ల లోపలి గొట్టాలు) కదలడం ఉంటాయి. అది మొదటి రకం. రెంటికీ వెనకవైపు ఛాసిస్ తుప్పు మాత్రం ఉమ్మడి ఆస్తి.

మరికొన్ని తెలిసిన బలహీనతలు, వాటిని పట్టుకునే దారులు:

టయోటా ప్రాడో 120 (2002–2009), 3.0 లీటర్ల 1కేడీ డీజిల్: ఇంజెక్టర్ల కింద ఉండే రాగి సీళ్లు లీకైతే మండిన గ్యాస్ ఆయిల్‌లోకి దిగుతుంది. ఆయిల్ మాడి మసిగా మారి, సంప్‌లోని (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోని) స్ట్రెయినర్ జల్లెడను మూసేస్తుంది. పైకి ఆయిల్ లెవెల్ బాగానే ఉంటుంది, టర్బోకీ బేరింగులకీ మాత్రం చేరదు. సీళ్లు మార్చిన బిల్లు అడగండి. లేకపోతే సంప్ విప్పి స్ట్రెయినర్ చూడాలన్న షరతు పెట్టండి.

నిస్సాన్ పాత్‌ఫైండర్ ఆర్51, 2005–2010 మధ్య ఆటోమేటిక్ బండ్లు: గేర్ ఆయిల్ చల్లబరిచే కూలర్ రేడియేటర్ లోపలే ఉంటుంది. లోపల చీలితే కూలెంట్ వెళ్లి గేర్ ఆయిల్‌లో కలుస్తుంది. రేడియేటర్ మూత కింద గులాబీ రంగు మీగడ కనిపించినా, గేర్ ఆయిల్ పాలు కలిసినట్టు ఉన్నా అక్కడితో ఆపేయండి. కొత్త రేడియేటర్ వేసినంత మాత్రాన గేర్‌బాక్స్ బాగుపడదు. ఇంకా కలవక ముందే రేడియేటర్ మార్చినా, బయట విడిగా కూలర్ పెట్టినా అది చాలా మంచి గుర్తు.

90 సిరీస్ ప్రాడో: ముందు కింది బాల్ జాయింట్లు. అరిగి ఊడితే చక్రం పక్కకు ఒరిగి బండి నేల మీద కూర్చుంటుంది. ఎప్పుడు మార్చారో తెలియకపోతే మార్చలేదనే అనుకోండి. పెద్ద ఖర్చు కాదు, కానీ మార్చకుండా హైవే ఎక్కొద్దు.

జీప్ 4.0 లీటర్ల పెట్రోల్, 2000–2001: 0331 అన్న అంకె పోతపోసిన సిలిండర్ హెడ్డు మధ్యలో పగుళ్లిస్తుంది. ఆయిల్ మూత విప్పి, టార్చ్ వేసి హెడ్డు మధ్యభాగం చూడండి. అక్కడ లేత గోధుమరంగు నురుగు ఉంటే కూలెంట్ దిగుతున్నట్టే.

డిస్కవరీ 3 (2004–2009): ఎయిర్ సస్పెన్షన్. వెళ్లగానే నాలుగు చక్రాల మీది ఆర్చ్‌ల ఎత్తు టేపుతో కొలిచి రాసుకోండి, బండి ఆపేసిన గంట తర్వాత మళ్లీ కొలవండి. ఒక మూల దిగితే అక్కడ గాలి పోతోంది. ఆ లీకును పూడ్చలేక కంప్రెసర్ అదేపనిగా తిరిగి కాలిపోతుంది. కంప్రెసర్ ఒక్కటే మార్చి అమ్మకానికి పెట్టారంటే మీరు కొన్నది కొత్త కంప్రెసర్, పాత లీకు.

మీరు చూడబోయే మోడల్‌కి ఇలాంటి నాలుగైదు జబ్బులు తప్పకుండా ఉంటాయి. బయల్దేరే ముందే వాటిని కాగితం మీద రాసుకోండి. ఒక్కో జబ్బు పక్కన మూడు మాటలు చాలు: గుర్తు ఏంటి, ఎక్కడ చూడాలి, బాగుచేస్తే ఎంతవుతుంది.

2. ఫోన్‌లోనే సగం తేల్చండి

"మంచి కండిషనా?" అని అడగొద్దు, అందరూ అవుననే అంటారు. టైమింగ్ బెల్టా, చైనా? బెల్ట్ అయితే ఎన్ని కిలోమీటర్ల దగ్గర మార్చారు, బిల్లుందా? డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్య ఉండి రెండు చక్రాలకూ బలం పంచేది), ట్రాన్స్‌ఫర్ కేసుల (గేర్‌బాక్స్ నుంచి ముందు, వెనక యాక్సిళ్లకు బలం పంచేది) ఆయిల్ ఎప్పుడు మార్చారు? ఫోర్ వీల్ చివరిసారి ఎప్పుడు వేశారు? ఇంజిన్ ఆయిల్ తారీఖు ఎవరైనా చెప్తారు. ట్రాన్స్‌ఫర్ కేసు ఆయిల్ తారీఖు చెప్పగలిగినవాడు బండిని నిజంగా చూసుకున్నవాడు. "ఫోర్ వీల్ అసలు వాడనే లేదండీ" అన్నది కూడా అంత గొప్ప విషయం కాదు. ఏళ్లతరబడి కదలని లింకులు, వ్యాక్యూమ్ గొట్టాలు, మోటార్లు బిగుసుకుపోతాయి. నెలకోసారి వేసి కాసేపు నడిపిన బండే మేలు.

చివరిగా ఒక షరతు: నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దు. వెళ్లగానే బానెట్ మీద, రేడియేటర్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే ఉదయపు స్టార్టింగ్‌లో ఏదో దాస్తున్నారన్న అనుమానం తప్పు కాదు. మర్యాదగా ఇంకో రోజు వస్తామని చెప్పండి.

3. వెంట తీసుకెళ్లాల్సినవి

మంచి టార్చ్, చిన్న సుత్తి, పెద్ద స్క్రూడ్రైవర్, అయస్కాంతం, మల్టీమీటర్, ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్లు చదివే పరికరం), చేతి గ్లవ్స్, కింద పడుకోవడానికి అట్టముక్క. అట్టముక్క చివర్లో ఇంకో పనికొస్తుంది. బండిని ర్యాంప్ ఎక్కించి చూసే వీలుంటే ఎక్కించండి, నేల మీద పడుకుని చూస్తే కనిపించేది సగమే.

4. ఛాసిస్: అన్నిటికంటే ముందు ఇది

ఇంజిన్ మార్చొచ్చు, గేర్‌బాక్స్ మార్చొచ్చు. కుళ్లిన ఛాసిస్‌ను బాగుచేయాలంటే బండి మొత్తం విప్పాలి. అందుకే పెయింటు, సీట్లు చూడకముందే కిందికి దూరండి.

తుప్పు అంతటా ఒకేలా ఉండదు. ఉపరితలం మీద ఎర్రగా కనిపించేది వైర్ బ్రష్‌తో పోతుంది, దానికి కంగారు అక్కర్లేదు. పొరలు పొరలుగా లేచిందే ప్రమాదం. ఛాసిస్ చాలా బండ్లలో లోపల డొల్లగా ఉండే పెట్టె ఆకారపు రైలు. బురద నీళ్లు, సముద్రతీరపు ఉప్పు, మంచు కరగడానికి రోడ్డు మీద చల్లిన ఉప్పు లోపలికి చేరి అక్కడి నుంచి బయటికి తింటూ వస్తాయి. బయట నల్లగా నున్నగా ఉన్న చోటే లోపల కాగితంలా పలచబడి ఉండొచ్చు. సుత్తితో ఒక అడుగుకోసారి తట్టుకుంటూ పోండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తిన్నచోట బొద్దుగా, చప్పగా పలుకుతుంది. అలా పలికినచోట స్క్రూడ్రైవర్ మొన పెట్టి బలంగా నొక్కండి. దిగితే మాట్లాడాల్సింది ఇంకేం లేదు.

ఎక్కువ తినే చోట్లు: వెనక యాక్సిల్ మీదుగా ఛాసిస్ వంపు తిరిగే భాగం, వెనక క్రాస్‌మెంబర్, స్ప్రింగులూ ట్రెయిలింగ్ ఆర్మ్‌లూ తగిలించే బ్రాకెట్లు, బాడీ మౌంట్ల చుట్టూ, ఇంధన ట్యాంకు పైన. ట్యాంకు పైన బురద పేరుకుంటుంది, కంటికి కనిపించదు, వేళ్లు దూర్చి తడమాలి. ఛాసిస్ రైలులోని రంధ్రాల్లోంచి టార్చ్ వేసి లోపల కూడా చూడండి. పెచ్చులు రాలి కుప్పగా పడి ఉంటే ఆ రైలు పలచబడింది.

నిన్నమొన్న కొట్టిన నల్లటి అండర్‌కోటింగ్‌ని నమ్మొద్దు. నట్ల మీద, రబ్బరు బుష్‌ల మీద, బ్రేక్ పైపుల మీద కూడా నలుపు ఉంటే హడావుడిగా అమ్మడానికే కొట్టారు. అలాంటి చోట సుత్తి ఇంకాస్త ఎక్కువ వాడండి. అయస్కాంతం అతుక్కోని చోట ఇనుము లేదు, పుట్టీయో ఫైబరో ఉంది.

తుప్పు తర్వాత పగుళ్లు. పెద్ద టైర్లు వేసి రాళ్లలో తిప్పిన బండ్లలో స్టీరింగ్ బాక్స్ బోల్టుల చుట్టూ, పాన్‌హార్డ్ రాడ్ (యాక్సిల్ పక్కకు జరగకుండా పట్టే కడ్డీ) బ్రాకెట్ దగ్గర, షాక్ అబ్జార్బర్ మౌంట్ల దగ్గర సన్నటి గీతలుంటాయి. ఇంకొకరిని లోపల కూర్చోబెట్టి, ఇంజిన్ ఆన్‌లో స్టీరింగ్ అటూఇటూ తిప్పమని బయటినుంచి చూడండి. స్టీరింగ్ బాక్స్ ఛాసిస్ మీద కదులుతుంటే పగిలినట్టే. అక్కడక్కడా వెల్డింగ్ చేసిన ప్లేట్లుంటే ఎందుకు చేశారో అడగండి. ఈ పనిలోనే ఛాసిస్ మీద కొట్టిన నంబరును కాగితాలతో సరిపోల్చుకోండి. ఆ నంబరు చుట్టూ గ్రైండర్ గీతలుంటే బేరం ముగిసింది.

5. చల్లని ఇంజిన్

స్టార్ట్ చేయకముందు రేడియేటర్ మూత తీయండి, చల్లగా ఉన్నప్పుడే సుమా. కూలెంట్‌లో నూనె తెట్టు, తుప్పు నీళ్ల రంగు, లీకు పూడ్చే పొడి ఆనవాళ్లు వెతకండి. మామూలు నీళ్లే పోసి ఉంటే లోపల అల్యూమినియం తినుకుపోయి ఉండే అవకాశం ఎక్కువ. తర్వాత ప్రతి రబ్బరు గొట్టాన్నీ వేళ్లతో నొక్కండి. బిస్కెట్టులా కరకరలాడితే ముసలిది, మెత్తగా ఉబ్బితే ఇంకా ముసలిది. టయోటా ల్యాండ్ క్రూజర్ 80లో 4.5 లీటర్ల 1ఎఫ్‌జెడ్ పెట్రోల్ ఇంజిన్ వెనకాల, చేతికి అందని మూలలో, ఓ చిన్న హీటర్ గొట్టం ఉంటుంది. బండి ఎంత తక్కువ తిరిగినా ఆ గొట్టానికి ఏళ్లు ఆగవు. అది పగిలి కూలెంట్ మొత్తం పోయాక ఇంకో పది నిమిషాలు నడిపితే హెడ్ గాస్కెట్‌కి ఎసరు.

ఈ కారణంగానే "ఇరవై ఏళ్లలో యాభై వేల కిలోమీటర్లే తిరిగింది" అన్న బండికి ఎగిరి గంతేయకండి. రబ్బరు, ప్లాస్టిక్, సీళ్లు, ట్యాంకులోని ఇంధనం సంవత్సరాల లెక్కన చెడతాయి. బేరింగులు, క్లచ్, టర్బో కిలోమీటర్ల లెక్కన. ట్రాన్స్‌ఫర్ కేసు, యాక్సిల్ జాయింట్లు వాడిన తీరును బట్టి. రెండు లక్షల కిలోమీటర్లు హైవే మీద క్రమంగా తిరిగి సర్వీసు బిల్లులున్న బండి, షెడ్డులో పడుకున్న బండి కంటే తక్కువ ఏడిపిస్తుంది.

ఇప్పుడు సెల్ఫ్ కొట్టండి. మొదటి రెండు మూడు సెకన్లు చప్పుడు వినడం మీద మనసు పెట్టండి. మిత్సుబిషి పజెరో 3.2 డీజిల్ లాంటి చైన్ ఇంజిన్లలో ముందువైపు నుంచి గొలుసు ఈడ్చినట్టు గరగర వచ్చి, ఆయిల్ ప్రెషర్ ఎక్కాక తగ్గితే, టైమింగ్ చైన్ సాగిందో టెన్షనర్ అరిగిందో. ఈ ఖర్చు ధరలో తగ్గాల్సిందే. చైన్ కాబట్టి జీవితాంతం ఉంటుందన్న మాట నమ్మితే చిక్కే.

పొగ రంగు చూడండి. నీలిరంగు పొగ అంటే ఆయిల్ మండుతోంది. దట్టమైన తెల్లపొగ తియ్యటి వాసనతో ఆగకుండా వస్తుంటే కూలెంట్ మండుతోంది. డీజిల్‌లో కళ్లు మండించే తెల్లపొగ వచ్చి, ఇంజిన్ వేడెక్కాక తగ్గితే గ్లో ప్లగ్గులో, ఇంజెక్టర్లో, కంప్రెషన్‌లో చూసుకోవాలి. ఎక్సలేటర్ గట్టిగా నొక్కినప్పుడు క్షణకాలం వచ్చే నల్లపొగ పాత డీజిల్‌కి మామూలే.

ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత విప్పి, తిరగేసి ఆ రంధ్రం మీదే పెట్టండి. కాస్త వణికితే పర్లేదు. ఎగిరి పడితే, లేదా రైలింజన్‌లా పొగ చిమ్మితే బ్యాక్ కంప్రెషన్ ఎక్కువుంది (సిలిండర్ గ్యాస్ కిందికి జారుతోంది), ఇంజిన్ బోరుకొచ్చింది, అంటే సిలిండర్లు అరిగిపోయాయి. అనుమానం తీరకపోతే కంప్రెషన్ టెస్టు చేయించండి. వచ్చిన అంకె ఒక్కటే చూసుకోవద్దు, సిలిండర్ల మధ్య తేడా చూడండి. 10 శాతం లోపుంటే మంచిది. పక్కపక్కనే ఉన్న రెండు సిలిండర్లలో కలిపి తగ్గితే వాటి మధ్య గాస్కెట్ పోయి ఉంటుంది.

హెడ్ గాస్కెట్ గురించి ఇంకో పరీక్ష. స్టార్ట్ చేసిన రెండు మూడు నిమిషాలకే, ఇంజిన్ ఇంకా గోరువెచ్చగా ఉండగానే, పైన రేడియేటర్ గొట్టం రాయిలా గట్టిపడితే సిలిండర్ గ్యాస్ కూలెంట్‌లోకి వస్తోందన్నమాట. తేల్చుకోవడానికి రేడియేటర్ నోటి దగ్గర పెట్టే నీలం ద్రావణం టెస్టు ఉంటుంది, ఖరీదైనది కాదు. నీలం పసుపుకో ఆకుపచ్చకో తిరిగితే వెనక్కి తిరగండి.

6. ఫోర్ వీల్ వ్యవస్థ

పార్ట్ టైమ్ ఫోర్ వీల్‌ను (కావలసినప్పుడు మాత్రమే వేసుకునేది) ఎండిన తారురోడ్డు మీద పరీక్షించకండి. ముందు, వెనక యాక్సిళ్లు ఒకే వేగంతో తిరగాల్సి వచ్చి లోపల బిగువు పెరుగుతుంది, లివర్ ఇరుక్కుంటుంది. కంకర, మట్టి, గడ్డి ఉన్నచోటికి తీసుకెళ్లండి. ఫోర్ హై (మామూలు గేర్ల వేగంతో ఫోర్ వీల్) వేసి, స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి నెమ్మదిగా గుండ్రంగా నడపండి. బండి బిగదీసినట్టు, టైర్లు నేలను రాసుకుంటున్నట్టు ఉంటే ముందు యాక్సిల్ పనిచేస్తోంది. లైటు వెలిగినా బండి టూ వీల్‌లో లాగే హాయిగా తిరిగితే లైటు అబద్ధమాడుతోంది. పాత సుజుకి జిమ్నీల్లో ఇలాంటప్పుడు ముందు హబ్బుల వ్యాక్యూమ్ గొట్టాలు పగిలి ఉండటమే ఎక్కువసార్లు కారణం, చిన్న పనే.

తర్వాత ఆపి, న్యూట్రల్‌లో పెట్టి లో రేంజ్ (నెమ్మదిగా, ఎక్కువ బలంతో నడిపే గేర్లు) వేయండి. లో రేంజ్‌లో మొదటి గేరులో ఎత్తు ఎక్కించి మధ్యలో ఎక్సలేటర్ వదలండి. ఇంజిన్ బ్రేకింగ్‌లో గేరు దానంతటదే న్యూట్రల్‌లోకి జారితే ట్రాన్స్‌ఫర్ కేసు లోపల అరిగింది. డిఫ్ లాక్ (డిఫరెన్షియల్‌ను బిగించి రెండు వైపులా కలిపి తిప్పేది) ఉంటే అది కూడా వేసి చూడాలి, వేయడమే కాదు తీసినప్పుడు వదులుతుందా అన్నది కూడా.

ఫుల్ టైమ్ ఫోర్ వీల్ (నాలుగు చక్రాలకూ ఎప్పుడూ బలం అందే) బండి అయితే నాలుగు టైర్లూ ఒకే సైజు, దాదాపు ఒకే అరుగుదలలో ఉన్నాయా అని చూడండి. రెండు కొత్తవి, రెండు అరిగినవి వేసి నడిపితే ముందు, వెనక యాక్సిళ్ల వేగం తేడాను సర్దే సెంటర్ డిఫరెన్షియల్, విస్కస్ కప్లింగ్ ఖాళీ లేకుండా పనిచేసి వేడెక్కి చెడతాయి.

డిఫరెన్షియల్ ఫిల్లర్ ప్లగ్ విప్పనిస్తారేమో అడగండి. వేలు ముంచితే ఆయిల్ మట్టిరంగులో మజ్జిగలా వస్తే నీళ్లు చేరాయి. ఇది ఎలా జరుగుతుందంటే, వేడెక్కిన యాక్సిల్ వాగులో మునగ్గానే లోపలి గాలి ఒక్కసారి కుంచించుకుపోతుంది. పైన గాలి ఆడటానికి ఉండే బ్రీదర్ గొట్టం మూసుకుపోయి ఉంటే సీళ్ల గుండా నీళ్లు లోపలికి పీల్చుకుంటుంది. డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతం మీద బూడిదరంగు మెత్తటి పేస్టు ఉండటం సహజం. గోటికి తగిలే ముక్కలు, రేకులు ఉంటే గేరు పళ్లు ఊడుతున్నాయి.

ముందు సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి యాక్సిల్) ఉన్న పాత ల్యాండ్ క్రూజర్, పాట్రోల్, జిమ్నీల్లో చక్రం వెనకాల గోళంలా ఉండే నకిల్ చూడండి. అక్కడ గ్రీజు పల్చబడి నల్లటి చారులా కారుతుంటే లోపలి యాక్సిల్ సీలు పోయి డిఫ్ ఆయిల్ గ్రీజులో కలుస్తోంది. పార్టులు చవక, పని మురికి, సమయం ఎక్కువ. ఒక పక్క విప్పితే రెండో పక్క కూడా చేయించాలి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి నడిపినప్పుడు టకటకమంటే జాయింటే అరిగింది. ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని చేత్తో పట్టి మెలితిప్పండి. యూజే క్రాసుల (షాఫ్ట్ చివరి కీళ్ల) చుట్టూ ఎర్రటి పొడి ఉంటే గ్రీజు ఎండిపోయింది.

7. గేర్‌బాక్స్, క్లచ్

మాన్యువల్ అయితే నలభై కిలోమీటర్ల వేగంలో టాప్ గేరు వేసి ఒక్కసారిగా ఎక్సలేటర్ తొక్కండి. స్పీడు పెరగకుండా ఇంజిన్ మోత మాత్రమే పెరిగితే క్లచ్ అయిపోయింది. ఆటోమేటిక్‌లో పార్క్ నుంచి రివర్స్‌కి, డ్రైవ్‌కి మార్చినప్పుడు రెండు సెకన్లకు మించి తాత్సారం చేసినా, పెద్ద దెబ్బ కొట్టినా జాగ్రత్త. గేర్ ఆయిల్ ముదురు గోధుమరంగులో మాడు వాసన వేస్తే ఆయిల్ మారిస్తే సరిపోతుందన్న భరోసాను పట్టించుకోకండి.

8. కరెంటు పనులు, తడి

తాళం ఆన్ చేసి, స్టార్ట్ చేయకముందు మీటరులో చెక్ ఇంజిన్, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, ఆయిల్ లైట్లన్నీ వెలగాలి. వెలగని లైటంటే బల్బు పోయిందో, కావాలనే తీసేశారో. ఓబీడీ స్కానర్‌లో కోడ్లు ఏమీ లేకపోయినా ఊరుకోకుండా రెడీనెస్ మానిటర్లు (బండి కంప్యూటర్ తన పరీక్షలు పూర్తి చేసిందో లేదో చూపేవి) చూడండి. సగానికి పైగా 'నాట్ రెడీ' అంటే నిన్నో మొన్నో కోడ్లు చెరిపేశారు, లేదా బ్యాటరీ తీశారు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర సుమారు 13.8 నుంచి 14.5 వోల్టులు రావాలి.

వరద నీటిలో మునిగిన బండిని పట్టడానికి సీటు బెల్టును చివరి దాకా లాగండి. పైకి ఎంత కడిగినా ఆ చివరి అడుగులో బురద గీత ఉండిపోతుంది. సీటు పట్టాల బోల్టులు తుప్పు పట్టాయా, కార్పెట్ కింద తడి ఉందా అన్నవి కూడా చూడండి. మునిగిన బండి ఎలక్ట్రానిక్స్ ఒక్కొక్కటిగా, నెలల తరబడి పోతాయి. మొదటి రకమే.

9. మార్పులు చేసిన బండి

విన్చ్, లిఫ్ట్ కిట్, పెద్ద టైర్లు, లైట్ బార్ చూసి ముచ్చటపడటం సహజమే. వాటికి అదనంగా డబ్బు ఇవ్వాల్సిన పని లేదు, మా మాటకొస్తే కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న స్టాక్ బండే వెతకండి. ఎత్తు పెంచితే సీవీ జాయింట్లు (చక్రాలకు బలం అందించే కీళ్లు), ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎక్కువ కోణంలో తిరిగి త్వరగా అరుగుతాయి. 31 అంగుళాల టైర్లున్న చోట 33 వేసి మీటరు సరిచేయకపోతే ఓడోమీటర్ అసలు తిరిగినదానికంటే ఆరు శాతం పైగా తక్కువ చూపిస్తుంది. టైరు మీద నాలుగంకెల తయారీ కోడ్ చూడండి: 2319 అంటే 2019లో 23వ వారం. పట్టు బాగున్నా పదేళ్లు దాటిన టైర్లను ఖర్చు కింద రాసుకోండి. అదనపు లైట్ల వైర్లకు ఫ్యూజ్ లేకుండా బ్యాటరీకి నేరుగా కలిపి ఉంటే ఆ వైరింగ్ అంతా పీకేయాలి.

10. టెస్ట్ డ్రైవ్

వీధి చివరి దాకా వెళ్లొస్తే సరిపోదు. కనీసం ముప్పావు గంట, కొంత హైవే వేగంలో, కొంత గుంతల్లో. గుంత తగిలాక స్టీరింగ్ గిజగిజ కొట్టుకోవడం మొదలై, బండి దాదాపు ఆపేదాకా తగ్గకపోతే సాలిడ్ యాక్సిల్ బండ్లలో కనిపించే డెత్ వాబుల్ అది. స్టీరింగ్ డ్యాంపర్ మార్చి దాన్ని దాస్తారు. అసలు కారణం పాన్‌హార్డ్ రాడ్ బుష్, బాల్ జాయింట్లు, కింగ్‌పిన్ బేరింగులు, చక్రాల బ్యాలెన్సింగ్‌లో ఎక్కడో ఉంటుంది. ప్రమాదకరమే గానీ బాగయ్యే జబ్బు.

తిరిగొచ్చాక ఆపకుండా ఏసీ వేసి పది నిమిషాలు ఐడిల్‌లో ఉంచండి, టెంపరేచర్ ముల్లు మీద కన్నేయండి. కింద అట్టముక్క పరచండి. ఇప్పుడు పడే చుక్కలు నిజం చెప్తాయి: ఎరుపు ఆటోమేటిక్ గేర్ ఆయిలో స్టీరింగ్ ఆయిలో, నలుపు ఇంజిన్ ఆయిల్, ఘాటు వాసనతో చిక్కగా ఉన్నది డిఫ్ ఆయిల్. పాత ఇంజిన్ కాస్త చెమ్మగా ఉండటం తప్పు కాదు, చుక్కలుగా కారితే రాసుకోండి. ఆ వేడి మీదే ఆపి ఐదు నిమిషాల తర్వాత మళ్లీ స్టార్ట్ చేయండి. చల్లగా బాగా అంటుకుని వేడిలో అంటుకోని డీజిల్‌లో పంపునో ఇంజెక్టర్లనో అనుమానించాలి.

11. లెక్క

ఇప్పుడు కాగితం తీయండి. మొదటి రకంలో ఒక్కటి రాసినా బేరమాడొద్దు, ఎంత తగ్గించినా వద్దు. రెండో రకంలో ఉన్నవాటికి ఆ మోడల్ తెలిసిన మెకానిక్‌తో విడివిడిగా లెక్క వేయించండి. దానికి మొదటి సర్వీసు ఖర్చు కలపండి: ఇంజిన్, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేసు, రెండు డిఫరెన్షియళ్ల ఆయిళ్లు, కూలెంట్, థర్మోస్టాట్, గొట్టాలు, బెల్టులు, బ్రేక్ ఫ్లూయిడ్, వీల్ బేరింగ్ గ్రీజు. బెల్ట్ ఇంజిన్‌కి బిల్లు లేకపోతే టైమింగ్ బెల్ట్, దాని టెన్షనర్, వాటర్ పంపు కూడా. వీటన్నిటి మీద, కొన్న ధరలో కనీసం నాలుగో వంతు మొదటి ఏడాదికి పక్కన ఉంచుకోలేకపోతే ఒక మెట్టు చిన్న బండి చూసుకోవడం మంచిది.

విడిభాగాల సంగతి కూడా ఈ కాగితం మీదే తేలాలి. మీ మోడల్‌కి రేడియేటర్, హెడ్ గాస్కెట్ సెట్, వీల్ బేరింగ్, ఈసీయూ ఎన్ని రోజుల్లో దొరుకుతాయో కొనకముందే అడిగి తెలుసుకోండి. ఎంత గట్టి బండైనా ఒక సీలు కోసం నెల రోజులు నిలబడితే, రోజూ పనికి వెళ్లడానికి మీకున్నది అదొక్కటే బండి అయితే, అది మీకు నమ్మకమైన బండి కాదు. ఇంట్లో ఇంకో బండి ఉన్నవాళ్లకి అదే బండి చక్కగా సరిపోవచ్చు.

కొన్నాక ఆయిళ్లన్నీ మార్చి, మొదటి ఐదు వందల కిలోమీటర్లు మెకానిక్ అందుబాటులో ఉన్నంత మేరే తిరగండి. ఆ తర్వాత మళ్లీ అన్ని లెవెళ్లు చూడండి. గేర్‌బాక్స్‌లో ఆయిల్ తగ్గి ట్రాన్స్‌ఫర్ కేసులో అంతే పెరిగి ఉంటే రెంటి మధ్య సీలు పోయింది. కింద ఒక్క చుక్క కూడా కనిపించదు కాబట్టి ప్లగ్గులు విప్పి చూస్తే తప్ప ఇది దొరకదు.